ఓడ నాయకుడును ప్రయాణికుల సంతోషమును



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములవారమైన మనకు సముద్రము దూరము. మంజీర మనకు తెలియును, సింగూరు జలాశయము తెలియును, మంచి వానలు కురిసిన యేట నిండిన మహబూబ్ సాగర్ చెరువు తెలియును. మన తాతలు పుట్టి యెక్కి యేరు దాటిన సంగతి కూడ విన్నాము. అంతకు మించిన నీళ్లమీది ప్రయాణము మనలో అనేకులకు పరిశుద్ధ గ్రంథములో చదివినదే. యోనా యెక్కిన ఓడ, శిష్యుల దోనె, పౌలును రోమాకు తీసికొనిపోయిన ఓడ, ఇవియే మన ఓడలు. కావున ఈ నెల ఓడ నాయకుని గురించి వ్రాయబూనితిమని చెప్పగా, మా ఇంటివారే నవ్విరి. పొలములోను ఫ్యాక్టరీలోను పనిచేయువారికి ఓడ కెప్టెనుతో ఏమి పని అని అడిగిరి. పని యున్నది. అది ఎట్లో చదువరులు కొంచెము ఓపికతో వినవలెను.

ఈ వేసవిలో మా సంఘపు యౌవనస్థుడొకడు సెలవుమీద ఇంటికి వచ్చెను. అతడు హోటలు పని చదువుకొని, ఒక విహార నౌకలో భోజనశాల యందు వడ్డన చేయుచున్నాడు. విహార నౌక అనగా సరకు మోయు ఓడ కాదు. ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చుటయే పనిగా గల స్టీమరును కాదు. జనులు సంతోషము కొరకే డబ్బిచ్చి ఎక్కి, నాలుగు రోజులో పది రోజులో సముద్రముమీద తిరిగి, మరల దిగిపోవు తేలియాడు హోటలు అది. మన తీరమునకును అట్టివి వచ్చుచున్నవి. 2022 జూన్ 8న ‘ఎంప్రెస్’ అను విహార నౌక చెన్నైనుండి విశాఖపట్టణము వచ్చినప్పుడు పత్రికలన్నియు బొమ్మలు వేసినవి. 2023లో అక్కడి రేవులో ఇట్టి ఓడల కొరకే ఒక కట్టడము ప్రారంభమైనది.

ఆరాధన తరువాత చెట్టుక్రింద కూర్చుండి మేము ఆ చిన్నవానిని అడిగితిమి: “నాయనా, అంత పెద్ద ఓడలో వేలమంది యుందురు గదా, కెప్టెను ప్రయాణికులకు కనబడునా?” అతడు చెప్పినది ఇది. మొదటి సాయంకాలము గాని రెండవ సాయంకాలము గాని తెల్లని దుస్తులతో వచ్చి అందరికిని స్వాగతము చెప్పును. ప్రతి మధ్యాహ్నము మైకులో ఆయన స్వరము వినబడును: మనము ఎక్కడ ఉన్నాము, గాలి ఎట్లున్నది, రేపు ఎన్ని గంటలకు రేవు చేరుదుము అని చెప్పును. అంతే. మిగిలిన సమయమంతయు ఆయన పైనెక్కడనో ఉండును. భోజనములను, పాటలను, గదుల శుభ్రతను చూచుటకు వేరే అధికారులు గలరు. వారందరును ఆయన క్రిందివారే. “అయినను అయ్యగారూ,” అని ఆ చిన్నవాడు చెప్పెను, “కెప్టెను మారిన వారములోనే ఓడ అంతయు మారిపోవును. పైవాడు కేకలు వేయువాడైతే, ఆ కేక మెట్టుమెట్టు దిగి మా వంటశాలకు వచ్చును; మేము నవ్వుచు వడ్డించినను ఆ నవ్వు ప్రయాణికునికి రుచించదు. పైవాడు నెమ్మదిగలవాడైతే ఆ నెమ్మదియు దిగివచ్చును.”

ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. మన ఇండ్లలోను ఇంతే గదా! తండ్రి బయటినుండి ఏ ముఖముతో లోపలికి వచ్చునో, ఆ రాత్రి బిడ్డలు ఆ ముఖముతోనే నిద్రపోవుదురు.

కాని ఆ చిన్నవాడు ఇంకొకటి చెప్పెను, మేము వ్రాయుచున్నది దాని గురించియే. సముద్రములో గాలి ఎదురైనప్పుడు కెప్టెను దారి మార్చును; ఒక్కొక్కసారి, అందరును ఎదురుచూచుచున్న దీవివద్ద ఆగకయే సాగిపోవును. అప్పుడు ప్రయాణికులు గుంపులుగా కౌంటరు వద్ద నిలిచి తగవులాడుదురట. డబ్బిచ్చితిమి, ఆ దీవి చూచుటకే వచ్చితిమి, ఎండ కాయుచున్నది గదా, గాలి ఎక్కడ అందురు. మేడమీద ఎండ కాయుచున్న మాట నిజమే. రేవు ముఖమున అలలు ఎంత లేచుచున్నవో మేడమీద కుర్చీలో పండుకొన్నవానికి కనబడదు. కెప్టెను పని ప్రయాణికులను సంతోషపెట్టుటయా, కాపాడుటయా అని ఒకరు అడిగిరి. రెండును అని తేలికగా చెప్పవచ్చును. ఆ రెండును ఒకదానికొకటి అడ్డము వచ్చిన గడియలో ఏమి చేయవలెననునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మేము పైనుండి జవాబు చెప్పు యోగ్యత గలవారము కాము. ఏలయనగా ఆ కౌంటరు వద్ద తగవులాడినవారిలో మేమును ఒకరము. చాలకాలము మనసులో నుంచుకొన్న సంగతి, ఇప్పుడు చెప్పుచున్నాము.

2019కి ముందు ఒక యేట, వానకాలపు చివరను, మేము నలుబదిమందిమి బస్సు మాట్లాడుకొని పాపికొండలు చూడబోతిమి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో పనిచేయు వారికి సెలవు దొరకుటయే కష్టము. ఆరు నెలలు చీటీ వేసి డబ్బు కూర్చితిమి. గోదావరిమీద లాంచీ ఎక్కితిమి. లాంచీ నడుపువానిని అక్కడివారు సరంగు అందురు. లుంగీ కట్టుకొని, భుజమున తువాలు వేసికొని యున్న నడివయసువాడు. ఎవరితోను మాటలాడడు. అందరును నారింజరంగు జాకెట్లు తొడుగుకొనువరకు ఇంజను వేయనని కూర్చుండెను. ఉక్కగా యున్నది, ఫొటోలు బాగుండవు అని మావారు సణిగిరి. సగము దూరమైనను పోకముందే అతడు నీళ్లవైపు చూచి, ఎవరితోనో ఫోనులో మాటలాడి, లాంచీని వెనుకకు త్రిప్పెను. పైన వరద పెరుగుచున్నదట. ఆకాశము నిర్మలముగా నున్నది! కొండలు ఇదిగో ఇక్కడనే యున్నవి! అతనిని మేమందరము చుట్టుకొంటిమి. మాలో పెద్దవారే, ప్రార్థన నడిపించు నోళ్లతోనే, అనరాని మాటలు అనిరి. అతడు ఒకటే చెప్పెను: “మీరు తిట్టండి, నేను పోను.” లాంచీలో వండిన పప్పు, వేపుడు, పెరుగన్నము మౌనముగా తిని, ఒడ్డుకు వచ్చి సగము డబ్బు తిరిగి ఇమ్మని పట్టుబట్టితిమి. అతని కూలిలోనుండియే ఇచ్చిరో, యజమానుడే ఇచ్చెనో, ఆ దినమున మేము అడుగలేదు.

2019 సెప్టెంబరు 15 ఆదివారము. ఆ మధ్యాహ్నము దేవీపట్నము మండలములోని కచ్చులూరు దగ్గర, పాపికొండలకు పోవుచున్న ‘రాయల్ వశిష్ఠ’ అను పర్యాటక బోటు మునిగిపోయెను. గోదావరిలో ఆ దినమున సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. ప్రక్క గ్రామములవారు తమ సొంత పడవలు వేసికొని పోయి కొందరిని ఈడ్చి పైకి తీసిరి. 26 మంది బ్రతికిరి. చనిపోయినవారు సుమారు యాభైమంది. వారిలో అనేకులు మన తెలంగాణమువారు, వరంగల్లు ప్రక్క కడిపికొండవారు. బోటు నదీగర్భములో నెల దినములకు మించి యుండెను. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము గారి బృందము అక్టోబరు 22న దానిని పైకి లాగిరి. బోటు నడిపినవారును తిరిగి రాలేదు. వారిమీద తీర్పు చెప్పుటకు మేము ఎవరము? ఆ దినమున బోటులో ఎవరు ఏమనిరో, పోదమని ఎవరు తొందరపెట్టిరో మాకు తెలియదు. మా లాంచీలో ఎవరు తొందరపెట్టిరో మాత్రము మాకు తెలియును.

ఆ రాత్రి మేము అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తీసితిమి. చిన్ననాటినుండి చదువుచున్న అధ్యాయమే. అయినను ఆ రాత్రి కొత్తదిగా కనబడెను. ఓడ క్రేతు దీవివద్ద మంచిరేవులు అను స్థలములో నున్నది. కాలము మించిపోయినది, ఉపవాసదినము దాటినది, ఇక సముద్రము నమ్మదగినది కాదు. ఖైదీగా పోవుచున్న పౌలు, ఈ ప్రయాణమువలన సరకునకును ఓడకును మన ప్రాణములకును హాని కలుగునని చెప్పెను. శతాధిపతియైన యూలి మాత్రము నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. ఇంతవరకు మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును. కాని లూకా అక్కడ ఇంకొక సంగతి వ్రాసియున్నాడు. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదట. కావున ఎక్కువమంది అక్కడనుండి ఫీనిక్సు రేవునకు పోదమని ఆలోచన చెప్పిరట. చూచితిరా? నావికుడు ఒంటరిగా తప్పు చేయలేదు. ఓడలోని ఎక్కువమందికి మంచి వసతి కావలసియుండెను. ఓట్లు లెక్కించిన నావికుడే గెలిచెను. దక్షిణపు గాలి మెల్లగా విసరగానే తమ ఆలోచన నెరవేరెనని తలంచి లంగరెత్తిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి వారిమీద పడెను.

ఆ పదకొండవ వచనము తరువాత ఆ నావికుడు కథలో మరల కనబడడు. ఎవరు త్రాళ్లు కట్టిరి, ఎవరు సరకు పారవేసిరి, అన్నియు లూకా చెప్పుచున్నాడు. నాయకుడు ఎక్కడ నిలిచెనో చెప్పడు. పదునాలుగవ రాత్రి, లంగరులు వేయుదుమను నెపముతో నావికులు పడవ దింపి తాము తప్పించుకొనజూచిరి. అప్పుడు ఆ ఓడలోని 276 మంది మనసును పట్టి నిలిపినవాడు ఎవడు? సంకెళ్లలో నున్న ఒక ఖైదీ. అతడు ఏమి చేసెను? మొదట నిజము చెప్పెను. ఓడ పోవును, ప్రాణములు పోవు అనెను. ఓడ పోవునను చేదుమాటను దాచి తక్కినది మాత్రమే చెప్పియుండిన వినుటకు ఎంతో హాయిగా ఉండెడిది. అతడు రెండును ఒక్క నోట చెప్పెను. తరువాత అందరి యెదుట రొట్టె పట్టుకొని, దేవునికి స్తోత్రము చెల్లించి, విరిచి, తినసాగెను. తిండి మానిన జనము అతడు తినుట చూచి తామును తినిరి. మా వడ్డన చిన్నవాడు చెప్పినట్లు, నెమ్మది పైనుండి దిగివచ్చుటకు బదులు ఆ ఓడలో క్రిందినుండి పైకి ఎక్కెను.

ఇక మన కాలమునకు వచ్చెదము. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ దేశమున ‘కోస్టా కాంకోర్డియా’ అను విహార నౌక 4,200 మందికి పైగా జనముతో పోవుచుండెను. జిల్యో అను చిన్న దీవికి వందనము చేయుటకై దాని కెప్టెను ఓడను దీవికి మిక్కిలి దగ్గరగా నడిపించెను. దీపములతో మెరయు ఓడ ఒడ్డుప్రక్కనే పోవుచుండిన చూచువారికిని సంతోషము, ఓడలోని వారికిని సంతోషము. గాలి లేదు, తుపాను లేదు. రాయి తగిలి ఓడ ప్రక్క చీలిపోయెను. తప్పు చేయని మనుష్యుడు లేడు గనుక ఇంతవరకు మేము కొంత క్షమింపగలము. తరువాత జరిగినది చూడుడి. ఓడలోనికి నీళ్లు వచ్చుచుండగా, కరెంటు పాడైనది, మీ గదులకు పొండి అని ప్రయాణికులకు చెప్పిరి. ఓడ విడిచిపెట్టుడని ఆజ్ఞ వచ్చుటకు గంటకు పైగా పట్టెను. అప్పటికి ఓడ ఒక ప్రక్కకు ఒరిగిపోగా, ఒక వైపు పడవలను సరిగా దింపుటకు వీలులేకపోయెను. ప్రయాణికులు ఇంకను లోపల నుండగానే కెప్టెను ఓడ దిగెను. తీరరక్షణ అధికారి ఫోనులో గద్దించి తిరిగి ఎక్కుమనినను ఎక్కలేదు. 32 మంది చనిపోయిరి. వారిలో మన దేశపువాడు ఒకడు, మా చిన్నవానివలె భోజనశాలలో వడ్డన చేయువాడు. అతని దేహము అందరికంటె చివరను, 2014 నవంబరులో దొరికెను. కెప్టెనునకు 2015లో 16 సంవత్సరముల శిక్ష పడెను.

ఆ గంటసేపు ప్రయాణికులకు ఇయ్యబడినది ఏమి? ఒక విధమైన నెమ్మది. గదికి పోయి కూర్చుండు నెమ్మది. అయితే ఆ నెమ్మదికి వెల ఎవరు చెల్లించిరి? అబద్ధపు ఓదార్పు ప్రయాణికునికి ఏమియు ఇయ్యదు, అతని చేతిలోనున్న సమయమును తీసికొనును. దొంగ మన పెట్టెలోని డబ్బు తీసికొనిన మరల సంపాదింతుము. ఆ గంట మరల రాదు.

ఇక్కడ ఒక చదువరి అడ్డు చెప్పవచ్చును: నిజమంతయు చెప్పిన జనము బెదరి, త్రొక్కిసలాట పుట్టదా? తెలివైన నాయకుడు కొంత దాచవలదా? ఇది సరియైన ప్రశ్నయే. దీనిని మేము త్రోసివేయము. దీనికి 1912లో ఒక సంగతి గలదు.

టైటానిక్ సంగతి అందరును ఎరుగుదురు. ఆ ఏప్రిల్ 14 ఆదివారము ఉదయము దాని కెప్టెను స్మిత్ గారు భోజనశాలలో ఆరాధన నడిపించిరి. మంచుకొండలున్నవని హెచ్చరికలు వచ్చినను ఆ రాత్రి వేగము తగ్గింపబడలేదు. 1,500 మంది దాక మునిగిరి. మన దేశములోని జాంజ్‌గీర్ అను ఊరిలో బాలికల బడి నడిపిన అన్నీ ఫంక్ అను మిషనరీ దొరసానియు వారిలో నుండిరి; వ్యాధితోనున్న తల్లిని చూడబోవుచుండగా ఓడలోనే రెండు దినముల క్రితము ఆమెకు 38 సంవత్సరములు నిండెను. ఆ పేరు మన సంఘములలో వినబడదు గనుక ఇక్కడ వ్రాసితిమి.

అయితే మేము చెప్పబూనినది ఆ రాత్రి ఆమె ఓడవైపు పరుగెత్తిన వేరొక ఓడ గురించి. ‘కార్పేతియా’ న్యూయార్కునుండి మధ్యధరా సముద్రమునకు పోవుచుండెను. దాని కెప్టెను ఆర్థర్ రాస్ట్రన్ పండుకొనియుండెను. అర్ధరాత్రి దాటినతరువాత తంతిలేని వార్తలు చూచువాడు గదిలోనికి దూసికొనివచ్చి చెప్పగానే, ఆయన మొదట ఓడ త్రిప్పుడని ఆజ్ఞాపించి, తరువాత ‘నిశ్చయమేనా’ అని అడిగెనట. దూరము సుమారు 58 మైళ్లు. ఇంజనులకు ఆవిరి చాలుటకై తన ఓడలోని గదులను వేడిచేయు ఆవిరిని ఆపివేయించెను. వెచ్చని గదులకు డబ్బిచ్చిన ఆయన ప్రయాణికులు చలికి లేచి కూర్చుండిరి. ఏమైనదని బయటికి వచ్చినవారిని పనివారు మర్యాదగా గదులలోనికి పంపిరి. భోజనశాలలకు ఒక్కొక్క వైద్యుని నియమించెను. కాఫీ, సూపు, కంబళ్లు సిద్ధము చేయించెను. పడవలను బయటికి త్రిప్పి యుంచెను, ముందువైపు కావలివారిని పెంచెను. ఇదంతయు చీకటిలో, మంచుకొండల నడుమ. ఆ రాత్రి ఆయన టోపీ కొంచెము పైకెత్తి, పెదవులు కదలించుచు ప్రార్థించుట క్రిందివారు చూచిరట. తెల్లవారుజామున నాలుగు గంటలకు చేరి 700 మందికి పైగా పడవలలోనివారిని పైకి తీసెను. తరువాత విహారము మాని న్యూయార్కునకే తిరిగెను.

ఇక్కడ విచారింపవలెను. రాస్ట్రన్ కూడ తన ప్రయాణికులకు అంతయు చెప్పలేదు. వారిని గదులలోనే యుంచెను. వంద సంవత్సరముల తరువాత ఇటలీ ఓడలోనివారికిని గదులకు పొండనిరి. పైకి రెండును ఒకటే మాట. భేదము ఎక్కడ? ఒకడు దాచినది ఇతరులకు కాలము మిగుల్చుటకు. మరియొకచోట దాచుటవలన మిగిలినది నాయకుని ముఖమర్యాద మాత్రమే. మౌనమును తూచవలసి వచ్చినప్పుడు, ఇది ఎవరిని కాపాడుచున్నదని అడిగిన చాలునని మాకు తోచుచున్నది. ఇంకొకటి: రాస్ట్రన్ ఆ రాత్రి తన ప్రయాణికుల సుఖమును తీసివేసెను. వారు తగవులాడలేదు. తమ గదులను, బట్టలను తడిసినవారికి ఇచ్చిరి. సుఖము కొరకు ఓడ ఎక్కినవారు అట్లు చేయుటకు కారణము నాయకుని మంచితనమొక్కటే అనలేము. ప్రయాణికులలోను ఏదో యుండెను. మా నలుబదిమందిలో అది ఆ దినమున లేకపోయెను.

నేటి సముద్ర చట్టములు ఈ సంగతిని కొంత గ్రహించినవి. ప్రాణరక్షణకై కెప్టెను చేయు నిర్ణయమునకు ఓడ యజమానుడు గాని, అద్దెకు తీసికొన్నవాడు గాని అడ్డు రాకూడదని అంతర్జాతీయ నియమము గలదు. జాకెట్టు ఎట్లు తొడుగవలెనో, ఎక్కడ కూడవలెనో చూపు కవాతు, పూర్వము ఓడ కదలిన 24 గంటలలోపల చేసిన చాలును. కాంకోర్డియా తరువాత, 2015నుండి, ఓడ కదలకముందుగాని కదలిన వెంటనేగాని చేయవలెను. మంచిదే. కాని యజమానుని ఆపిన చట్టము ప్రయాణికుల సణుగుడును ఆపలేదు. లాంచీలో నిలిచి ‘మీరు తిట్టండి, నేను పోను’ అనినవానికి ఏ చట్టమును తోడుగా నిలువలేదు. మరుసటి దినము ఆ నలుబదిమంది వేరొక లాంచీకి పోవుదురని అతనికి తెలియును, వాని పిల్లలకును ఆకలి యుండును.

సముద్రమును విడిచి మన రహదారికి వచ్చెదము. మన సంఘములో షిఫ్టు ఇంఛార్జీలుగా, సూపరువైజర్లుగా పనిచేయు సహోదరులు పదిమందికి తక్కువలేరు. సహోదరులారా, మీ క్రింద ఇరువదిమంది, ముప్పదిమంది పనిచేయుచున్నారు. వారిలో ఒడిశానుండి, బీహారునుండి వచ్చినవారు కూడ గలరు. మన భాషయైనను వారికి రాదు. మీ ముఖము చూచియే మంచిచెడ్డలు గ్రహింతురు. ఏదో వాసన వచ్చుచున్నదని, ఏదో వేడెక్కుచున్నదని వారిలో ఒకడు చెప్పినప్పుడు, ‘ఏమియు లేదు, పని చూడు’ అని మీరు చెప్పు మాట, గదులకు పొండి అని చెప్పిన మాట కాకుండ చూచుకొనుడి. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా చనిపోయినప్పుడు మనలో కొందరము పటాన్‌చెరు ఆసుపత్రి గేటువద్ద నిలిచితిమి. అది ఎట్లు జరిగెనో విచారించువారు వేరుగ నున్నారు. మేము దానిలో చేయిపెట్టము. ఆ గేటువద్ద ఒక తల్లి చేతిలో కొడుకు ఫొటో పట్టుకొని, వచ్చిన ప్రతి అధికారిని, లోపల ఎంతమంది యుండిరో చెప్పుడని అడుగుచుండెను. ఎంతమంది యుండిరో! ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. యోనా కథలో, పెనుతుపానులో ప్రతివాడును తన దేవునికి మొఱ్ఱపెట్టుచు సరకులు పారవేయుచుండగా, ఓడ నాయకుడు క్రిందికి దిగిపోయి మూలను నిద్రించుచున్న ఒక్క ప్రయాణికుని లేపెను. ఆ అన్యుడైన నాయకుని పేరైనను మనకు తెలియదు. అంత గాలిలోను ఒకడు తక్కువగా నున్నాడని అతనికి తెలిసెను.

పాపికొండల సరంగును మరల చూడవలెనని మేము రెండు సంవత్సరముల క్రితము ఆ రేవునకు పోతిమి. ఎవరిని అడిగినను గుర్తుపట్టలేదు. లుంగీ, తువాలు, మాటలాడని మనిషి అని చెప్పగా, “అట్టివారే అందరును” అని రేవులో టీ అమ్ముచున్న ముసలివాడు నవ్వెను. తిరిగి తీసికొన్న సగము డబ్బు మా సంచిలోనే యుండెను, అది అట్లే తిరిగి వచ్చెను.

గత డిసెంబరులో ఒక తెల్లవారుజామున మేము సంగారెడ్డినుండి పటాన్‌చెరు పోవు ఫ్యాక్టరీ బస్సులో ఎక్కితిమి. డ్రైవరు మా సంఘపువాడే గనుక ఎక్కనిచ్చెను. కంది దాటగానే మంచు దట్టముగా క్రమ్మెను. ముందు పోవు లారీ ఎఱ్ఱదీపము కూడ కనబడలేదు. రుద్రారము చేరకముందే అతడు బస్సును రోడ్డు దింపి ఒక హోటలు ముందు ఆపెను. లోపల ఒక్కసారిగా గొణుగుడు లేచెను. ఆరు గంటల షిఫ్టు. పది నిమిషములు ఆలస్యమైన సగము రోజు కోత. ‘మెల్లగా పోనీయి, రోజు పోయే దారియే గదా’ అని వెనుకనుండి ఒకడు అరచెను. డ్రైవరు స్టీరింగుమీద చేతులుంచి ముందుకే చూచుచుండెను, జవాబు చెప్పలేదు. మేము లేచి, చలికి బిగిసిన మోకాళ్లతో ముందుకు నడచి, ఆ సంచిలోని డబ్బు తీసి, బస్సులోని అందరికిని టీ చెప్పుమని హోటలు పిల్లవానిని కేకవేసితిమి. మొదటి గ్లాసు డ్రైవరునకు ఇప్పించితిమి.